ఢిల్లీ కోసం ప్రార్థన

మందమర్రి కార్మికవాడలోని మా చర్చిలో, పాటలయ్యాక వాక్యానికి ముందు, పాలకుల కోసం ప్రార్థన చేస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది మా నాన్న పని, మేం బాపు అంటాం. ముందు ఢిల్లీలో ఉన్నవాళ్ళ కోసం, తర్వాత హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళ కోసం, చివరికి ఆ వేళ గనిలో షిఫ్టులో ఉన్నవాళ్ళ కోసం. అధికారుల కోసం ప్రార్థించమని బైబిలు వాక్యమే చెబుతుంది కాబట్టి మాకెవరికీ అందులో రాజకీయం కనిపించేది కాదు. బాపు ఒక్కో మాట అనగానే చాపల మీద నుంచి అందరూ ఆమేన్ అనేవారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం గనులన్నీ ఆగిన సమ్మెలో బాపు కూడా ఉన్నాడు. రోజూ వెళ్ళి గని గేటు దగ్గర టెంటు కింద కూర్చునేవాడు. అయినా ఆదివారం ఎప్పటిలాగే, "ప్రభువా, ఢిల్లీలోని మా ఏలికలను దీవించుము" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే మెల్లగా ఆమేన్ అంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే కాక బాపును పట్టుకున్నాడు. బాబాయి వరసలో కాక అంటాను కానీ మాకు చుట్టం కాదు. గోడ అవతలి క్వార్టర్ వాళ్ళది, ఇద్దరిదీ ఒకే షిఫ్టు.

"అన్నా, మన పోరగాండ్లు రాష్ట్రం కోసం పాణాలు తీసుకుంటుండ్రు. నువ్వు వాళ్ళను దీవించుమంటవా?"

"ఇయ్యాల్సింది వాళ్ళే గదరా. తిట్టుకుంట అడుగుతమా?"

"అడిగి అడిగి మన తాతలు పోయిండ్రు."

సాయంత్రం మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు. చర్చి సంఘం రెండుగా చీలేటట్టుందని, వచ్చే వారం ఢిల్లీ మాట వదిలేయమని బతిమాలారు. ఆయన వెళ్ళాక బాపు అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు.

"గా మాట ఇడిస్తే వాక్యాన్ని ఇడిసినట్టే. ఇడువకుంటే మనోళ్ళు నన్ను ఇడుస్తరు" అన్నాడు అవ్వతో.

"గని బందైనా నీ ఫికర్ బందు కాలే. తిను జర" అంది అవ్వ.

తర్వాతి ఆదివారం బాపు లేచి నిలబడ్డాడు. అందరూ తలలు వంచారు కానీ కళ్ళు మూయలేదు.

"ఇయ్యాల ఢిల్లీ కోసం మా తమ్ముడు చేస్తడు" అని కాక వైపు చూశాడు.

కాక ముఖం మాడిపోయింది. "నాకు ప్రార్థన రాదన్నా."

"తిట్టుడొస్తది గద. గదే ఆయనకు చెప్పు."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. బాపు మోకరించాడు, కాక తప్పక లేచాడు. బైబిల్లో దేవునితోనే కొట్లాడిన కీర్తనకారుల గురించి సండే స్కూలు పిల్లలకు నేను ఎన్నోసార్లు చెప్పాను. అలాంటి ప్రార్థన నా చెవులతో వినడం అదే మొదలు.

"ప్రభువా, గా ఢిల్లోళ్ళ మీద నాకు శాన కోపమున్నది. నీకు ఎర్కే. మేం బొగ్గు తీసి పంపితే వాళ్ళ ఇండ్లల్ల లైట్లు ఎలుగుతున్నయి. మా దిక్కు మాత్రం సూస్తలేరు. వాళ్ళకు జర చెవులియ్యి. వాళ్ళక్కూడ పిల్లలుంటరు. గా పిల్లలు సల్లగుండాలె. మా పిల్లలు గూడ..."

కాక అలాగే నిలబడిపోయాడు. బాపు మోకాళ్ళ మీద నుంచే ఆమేన్ అన్నాడు. ఆ వెంటనే చర్చంతా అంది. ఆడవాళ్ళ వైపు నుంచి అయితే ఆ మాట ఏడుపుతో కలిసి వచ్చింది.

రాష్ట్రం వచ్చింది. కొత్త గనుల సంగతికి ఇప్పటికీ ఢిల్లీ వైపే చూడాల్సి వస్తోంది. ఆ భాగం ప్రార్థన కూడా ఇప్పటికీ కాకదే, కోపంతో సహా.

కాక మొదటిసారి ప్రార్థించిన ఆ రోజు ఆరాధన అయ్యాక వాన పడుతోంది. బాపు, కాక ఇద్దరూ ఒకే గొడుగులో సమ్మె టెంటుకు బయలుదేరారు.

"మస్తు లంబగ సాగదీసినవురా ప్రార్థన" అన్నాడు బాపు.

"నీది గిన్నేండ్ల సంది మేం ఓర్సుకుంటలేమా?" అని కాక గొడుగును బాపు వైపు కాస్త వంచాడు.