తెగిన పడుగు, తిమ్మప్ప బండి

ఈ మాట ఇన్నేళ్లుగా నాతోనే అన్నం తిన్నది, నాతోనే పడుకుంది. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధకాలం. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపే బస్సు ఒకటి ఐజ నుంచి గద్వాల రైలు స్టేషన్‌కు తిరిగేది. దాని రాకపోకలు చూసే మేనేజరును నేను. ఎక్కేవాళ్లు ఎక్కువ, బస్సు ఒక్కటే. రెండోది కొనే దారి లేదు. ఉన్నదాన్నే ఎక్కడా ఆగకుండా తిప్పితే రోజుకు ఇంకో ట్రిప్పు పడుతుందని, అదే బస్సు ఇంకా ఎక్కువ మందిని మోస్తుందని నాకు తోచింది. గద్వాలలో ఊరి చుట్టూ పోయే బాట మాన్పించి, నేతగాళ్ల వీధిలోంచి నేరుగా దారి పెట్టాను. బస్సు వేళకు వీధి ఖాళీగా ఉండాలన్నాను. పాపం, సరేనన్నారు.

ఆ వీధిలోనే వాళ్లు పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, పొడవునా సాగదీసి గంజి పట్టించేవారు. ఒకనాడు నేనెక్కిన బస్సు ఆలస్యమైంది. లోపల కాలు పెట్టే చోటు లేదు. రైలు పోతుందని జనం గోల. నర్సమ్మ అనే నేతగత్తె పడుగు ఇంకా వీధిలోనే ఉంది. గంజి కోసం లోపలికి పోయినట్టుంది, మనిషి లేదు. డ్రైవరు బ్రేకు వేశాడు.

"పోనియ్యి" అన్నాను.

ఇంజను హోరులో దారాలు తెగిన చప్పుడు కూడా వినపడలేదు. రైలు అందింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మా వెనకే, ఆ వీధికి నూలు తోలే తిమ్మప్ప ఎద్దుల బండి వచ్చింది. నింద అతని మీద పడింది. వీధి పెద్దలు నన్ను అడిగితే, మేము పోయినప్పుడు పడుగు బాగానే ఉందన్నాను. డ్రైవరు తల వంచుకున్నాడు. ఆ తర్వాత ఆ వీధివాళ్లెవరూ తిమ్మప్ప బండిలో నూలు వేయలేదు. ఎందుకు అబద్ధమాడాను? ఉద్యోగం పోతుందనా? ఆ దారి నా తెలివేనని ఊరంతా చెప్పుకున్నాక, అది తప్పని తేలడం ఓర్చుకోలేకనా? రెండోదే అనుకుంటాను.

మరుసటి ఎండాకాలం, మధ్యాహ్నం పూట, నెలలు నిండకుండానే నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. బస్సు ఐజలో ఉంది. బయటికి పరుగెత్తితే కనిపించింది తిమ్మప్పే. ఒక్క మాట అడగలేదు. బండిలో గడ్డి పరిచాడు. గుంత వచ్చిన ప్రతిచోటా దిగి, ఎద్దుల పగ్గం పట్టి, కుదుపు లేకుండా నడిపించాడు.

దవాఖాన ముందు నా నోరు పెగిలింది.

"తిమ్మప్పా, ఆ పడుగు సంగతి..."

"గా మాట ఇప్పుడెందుకు సారూ? అమ్మ పిలుస్తుంది. జర లోపలికి పోండ్రి."

పోయాను. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. బయటికి వచ్చేసరికి బండి లేదు. అతనికి నిజం తెలుసా? తెలిసే వచ్చాడా? అడిగే ధైర్యం నాకు వచ్చేలోపు అతనే కన్నుమూశాడు.

నా భార్య, నా కూతురు బతికి ఉన్నారు. వాళ్లు ఏ మాటకైనా కలిసి నవ్వుకుంటే లోపల తిమ్మప్పకు దండం పెట్టుకుంటాను. సిగ్గు కంటే ఆ దండమే పెద్దదైపోయింది నాలో. అయినా దండం పెడితే నింద పోతుందా? అతని కొడుకులు ఈ ఊళ్లోనే ఉన్నారు. తండ్రి మీద పడ్డ మాటను ఇప్పటికీ మోస్తున్నారు. రేపు వాళ్ల గడపకు పోతాను. ఏమంటారో తెలియదు. ఏమన్నా వినాల్సిందే.

పడుగు తెంపింది నేను. రాశాను.