గడియ లేని దిడ్డి

కొత్త డిస్టెంపరు వాసన ముక్కుకు తగిలితే చాలు, ఉదయగిరిలోని మా ఇల్లు గుర్తొస్తుంది. ఆ ఇంట్లో పెరిగినన్నాళ్ళూ గోడలకు సున్నం తప్ప మరోటి ఎరగం. డిస్టెంపరు వేసింది అమ్మేటప్పుడే. పెళ్ళిచూపులకు ముందు పిల్లకు పౌడరు పూసినట్టు, బేరానికి ముందు ఇంటికి రంగు పూయాలని చెప్పినవాడు మస్తాన్, బస్టాండు దగ్గర కూర్చుని ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే బ్రోకరు.

మా అమ్మానాన్నలు, మేము అమ్మీ అబ్బా అని పిలిచేవాళ్ళం, ఇద్దరూ పోయి కొన్నేళ్ళయింది. నేనూ మా తమ్ముడూ ఆత్మకూరులో స్థిరపడిపోయాం. తాళం వేసిన ఇంటికి పెంకులు జారిపోవడమే మిగులుతుందని ఇద్దరం అనుకుని మస్తాన్‌ను పిలిచాం. అతను గదులన్నీ తిరిగి, బావి గిలక తిప్పి చూసి, పెరట్లో నిలబడి ఆశ్చర్యపోయాడు.

"మూసిపెట్టిన ఇల్లు కదా, గబ్బిలాలు ఉంటాయనుకున్నానక్కా. ఒక్క గడ్డిపరక లేదే! ఇప్పుడే చిమ్మినట్టుండాది."

చిమ్మినట్టు కాదు, రోజూ చిమ్ముతూనే ఉన్నారు. ఎవరో చెప్పాలంటే ముందు పెరటి గోడలోని దిడ్డి గురించి చెప్పాలి.

మా అబ్బా కొయ్య గరిటెలు చెక్కేవాడు. వీధరుగు మీద గోనెపట్టా పరుచుకుని, కాలి బొటనవేళ్ళ మధ్య చెక్క ఇరికించుకుని, పొద్దుటి నుంచీ ఆకురాయితో గీస్తూ ఉంటే, ఆ గరగర శబ్దానికే మేము నిద్రలేచేవాళ్ళం. రాలిన చెక్కపొట్టంతా అమ్మీ పొయ్యిలోకి పోయేది కాబట్టి మా ఇంట్లో చారుకు కూడా కొయ్య వాసన ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే కొండ రాళ్ళు వేడెక్కి, రాత్రి దాకా ఆ సెగ వీధుల్లోకి కొడుతూ ఉండేది, బావులు ఒకటొకటే అడుగంటేవి. మా బావి మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఎండలేదు. గోడకవతల ఇంట్లో రూతమ్మత్తా వాళ్ళుండేవారు, చర్చికి వెళ్ళే సేద్యగాళ్ళు, వాళ్ళ పెరట్లో బావి లేదు. ఒక ఎండాకాలం ఆమె నిండుచూలాలై, బిందె చంకనెత్తుకుని వీధంతా చుట్టి మా ఇంటికి నీళ్ళకు రావడం చూసి, అబ్బా ఎవరినీ అడక్కుండా గడ్డపార తీసుకుని గోడకు కన్నం పెట్టాడు. తన దగ్గరున్న చెక్కలతోనే దానికొక చిన్న తలుపు చేసి, అంచున తీగలూ పూలూ చెక్కి, గడియ మాత్రం బిగించలేదు. ఇటూ లేదు, అటూ లేదు. గడియ పెడితే ఎవరో ఒకరు వేసుకుంటారు అనేవాడు.

ఆ దిడ్డిలోంచి వచ్చిపోనిది లేదు. రంజాన్ నాడు పాలల్లో ఉడికిన సేమ్యా అటు వెళితే, క్రిస్మస్‌కు నువ్వులద్దిన అరిసెలు ఇటు వచ్చేవి. వానలు వెనకబట్టాక కొండ మీది సీతాఫలాలు దిగితే, ఎవరింట్లో కాయలు ముందు పండితే ఆ ఇంట్లో పిల్లలందరం చేరేవాళ్ళం. దొంగాటలో దిడ్డి దాటినవాళ్ళు ఔటని మేమే పెట్టుకున్న రూలు, దాన్ని అందరికంటే ముందు తప్పేది నేనే. రూతమ్మత్త ఏనాడూ తలుపు తట్టి ఎరగదు. వేడి సజ్జరొట్టె పైటకొంగులో పెట్టుకుని నేరుగా మా వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాక, "వచ్చినానమ్మా" అనేది. ఆ వచ్చిన సంగతి అప్పటికి పిల్లులకు కూడా తెలిసిపోయి ఉండేది.

మేము లేని ఇన్నేళ్ళూ ఆ దిడ్డిలోంచే వచ్చి పెరడు చిమ్మింది ఆమె. మస్తాన్ మెచ్చుకున్న శుభ్రం ఆమెదే. ఒకరిద్దరికి ఇల్లు చూపించాక ఆ మస్తానే దిడ్డి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీన్ని ఇటుకలతో మూసెయ్యాలక్కా. కాగితాల్లో గోడ ఉండాది, ఇక్కడ చూస్తే వాకిలుండాది."

"ఆమె పెద్దది, ఎవరికి అడ్డం?"

"నీకామె అత్త. కొనేవాళ్ళకి దారి గొడవ. ఈ సందు చూసే ఒక బేరం వెనక్కి పోయినాది."

అబద్ధం చెప్పే మనిషి కాదు మస్తాన్, అదే నా బాధ. చెప్పడానికి దిడ్డిలోంచే వెళ్ళాను. రూతమ్మత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది.

"ఏందిమే, మొహం అట్ట పెట్టినావు?"

చెప్పాను.

"మూసెయ్యండి. బేరం చెడిపోతే మీకే గదా నష్టం. నాకేంది, చిమ్మే పని తప్పిద్ది" అంటూ ఇంకో రెబ్బ తీసి, గింజ తియ్యకుండానే పక్కన పడేసింది. నాకు ఏడుపొచ్చింది, ఆమె ఎదుట ఏడవడానికి సిగ్గేసి లేచి వచ్చేశాను.

ఒక పూటలో గోడ లేచింది. తలుపు రెక్క నేను తెచ్చుకున్నాను. గోడ మీద పూతపూసి, రంగు వేస్తే, అక్కడ వాకిలి ఉండేదని ఎవరూ చెప్పలేరు. మస్తాన్ అన్నట్టే బేరం ఇట్టే కుదిరింది.

రిజిస్ట్రేషనయ్యాక, కొన్న దంపతులకు తాళాలివ్వడానికి ఇంటికి వచ్చాం. కొన్నాయన భార్య అప్పుడే వంటింటి కిటికీ తెరిచి చూసుకుంటోంది. వీధి తలుపు ఎవరో తట్టారు. తీస్తే రూతమ్మత్త. ఆ ముసలితనంలో కర్ర ఊతం పట్టుకుని వీధంతా చుట్టి వచ్చింది, అబ్బా గోడ పగలగొట్టకముందు నీళ్ళకోసం నడిచిన ఆ దారినే. పైటకొంగులో సజ్జరొట్టె. గడప దాటకుండా, కొత్తమనిషిలా నిలబడి అడిగింది.

"లోపలికి రావచ్చునా?"

రా అత్తా అనబోయి ఆగిపోయాను. ఆ మాట అనే హక్కు ఆ పొద్దున్నే సంతకం పెట్టి ఇచ్చేశాను. నేనే గడప దాటి వీధిలోకి దిగాను. ఇద్దరం ఆ ఎండలోనే నిలబడి రొట్టె తుంచుకు తిన్నాం.

ఇప్పుడు ఆత్మకూరులో మా ఇంటికి కూడా కొత్త రంగు వేయించాం. వీధి తలుపుకు పైనొక గడియ, కిందొక గడియ, పక్కన బెల్లు. వచ్చేవాళ్ళు మంచివాళ్ళే, రావచ్చా అని అందరూ అడిగే వస్తారు. వచ్చి కూర్చున్నాక "వచ్చినానమ్మా" అని చెప్పే మనిషి ఉదయగిరిలో, గోడకు అవతల ఉండిపోయింది.