పూల్‌లో కనెక్షన్లు నిండిన వరద రోజు

ఉద్యోగం మానుకునే ముందు నా చివరి పోస్టింగు అమలాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా. ఆ ఏడాది ఆగస్టులో గోదావరి పొంగి, నది మధ్యలోని లంక ఊళ్ల దారులు మునిగాయి. డయాలసిస్ రోగులను పడవల్లో తెచ్చే పని మా ఆసుపత్రికి అప్పగించారు. లంకలోని ఆరోగ్య కార్యకర్త రోగి పేరును మా వెబ్ అప్లికేషన్‌లో ఎక్కిస్తే, మా డెస్కువాళ్లు పడవ కేటాయించాలి. కేటాయింపు లేనిదే పడవ రేవు వదలదు.

మొదటి రోజు ఉదయానికే పేజీలు తెరుచుకోవడం మానేశాయి. ప్రతి క్లిక్కుకూ అప్లికేషన్ డేటాబేస్‌తో కొత్త కనెక్షన్ తెరుస్తోంది. పాస్‌వర్డు చెప్పి, అనుమతి పొంది, రెండు ముక్కలు అడిగి, మూసేస్తోంది. ప్రయాణికుడు వచ్చినప్పుడల్లా ఒక పడవ చేసి, అతను దిగగానే విప్పేసినట్టు. నేను కనెక్షన్ పూల్ పెట్టాను. ఇరవై కనెక్షన్లు ముందే తెరిచి ఉంచడం, కావలసినప్పుడు ఒకటి తీసుకుని పని కాగానే తిరిగి ఇవ్వడం, అంతే. నేను కంప్యూటరు చదువు చదవలేదు. కొత్తపేటలో డీటీపీ షాపులో కూర్చుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఒక్కో పని రెప్పపాటులో ముగుస్తుంది గనుక ఇరవై చాలని లెక్క కట్టాను. పేజీలు చకచకా తెరుచుకున్నాయి.

మధ్యాహ్నానికి మళ్లీ ఆగాయి.

"ఇరవై చాలకపోతే నలభై చేసెయ్యండి, దానికేం పోయిందండీ?" అన్నారు మేనేజరుగారు. చేశాను. కాసేపటికి నలభయ్యీ నిండాయి.

అప్పుడే ఒక లంక నుంచి ఆరోగ్య కార్యకర్త రూతమ్మ ఫోను. "యేసురత్నం మాస్టారికి ఆయాసం వచ్చేసిందండీ. మధ్యాన్నం నించీ పేరెక్కిస్తన్నాను, చక్రం తిరుగుతానే ఉంది. మీ కంప్యూటరు కంటే మా గేదె నయవండీ, పిలిస్తే తలైనా తిప్పుద్ది."

మాస్టారికి వరద వల్ల అప్పటికే ఒక డయాలసిస్ తప్పిపోయింది.

డేటాబేస్‌లో చూశాను. ఏ కనెక్షనూ పని చేయడం లేదు, కానీ అన్నీ మా డెస్కు కంప్యూటర్ల చేతుల్లోనే ఉన్నాయి. డెస్కుకు పరుగెత్తాను. సుజాతగారు ఫోనులో ఉన్నారు: "ఆయ్, బాబాయిగారూ, పడవ పంపమంటారాండీ? భోంచేసేరా? హలో... వినపడతందాండీ?"

మిగతావాళ్లూ అంతే, ఒక్కొక్కరి ముందూ నాలుగైదు స్క్రీన్లు తెరిచి ఉన్నాయి. కేటాయింపు స్క్రీను తెరవగానే, ఆ పడవను మరొకరు తీసుకోకుండా, ఒక కనెక్షన్‌ను పట్టుకుంటుంది. కన్ఫర్మ్ నొక్కేదాకా వదలదు. అప్లికేషన్ రాసినవాళ్లు దానికి క్షణం చాలనుకున్నారు. మావాళ్లేమో స్క్రీను తెరిచి ఉంచి, సరిగా అందని ఫోన్లలో కుశలమడిగి, రోగి ఒప్పుకున్నాకే నొక్కుతున్నారు.

"స్క్రీన్లు మూసెయ్యండమ్మా" అన్నాను.

"అడక్కుండా ఎలా నొక్కేస్తామండీ? ఆళ్లేవన్నా కొబ్బరికాయల బస్తాలా?" అన్నారు సుజాతగారు.

"అడగండి. అడిగాకే స్క్రీను తెరవండి."

అందరూ మూశారు. ఆ క్షణమే పేజీలు కదిలాయి. మాస్టారి పేరు కనిపించింది, పడవ బయలుదేరింది. అది లంకకు చేరాక రూతమ్మ మళ్లీ ఫోను చేసింది.

"పడవొచ్చిందండీ. మాస్టారికింక అక్కర్లేదండీ."

ఆ స్క్రీనును తర్వాత మార్పించాం. మనిషి జవాబు కోసం ఆగే చోట ఇప్పుడది కనెక్షన్‌ను పట్టుకోదు. పూల్‌లో కనెక్షన్లు ఎన్ని అన్నదానికంటే, ఒక్కొక్కటి ఎంతసేపు చేతిలో ఉంటోందన్నది ముందు చూడాలి. రెండోది చూడకుండా మొదటిది పెంచితే సమయం పోతుంది. ఆ రోజు అలా పోయిన సమయంలో పడవ ఆ లంకకు చేరి ఉండేది.