మళ్ళీ ఒకటి నుంచి

“పదకొండు, పన్నెండు... ఎవరది దగ్గింది? పోయింది! మళ్ళీ ఒకటి నుంచి!”

దగ్గింది నేను. లెక్కలో ఉన్నవి నామాలకోళ్ళు, నల్లటి ఒంటికి నుదుట తెల్లబొట్టున్న నీటిపక్షులు. లెక్కపెడుతున్నది మా అత్తయ్య. ఆవిడకున్నది ఒకటే లోపం. ఈ చిత్తడినేలలో దేన్ని లెక్కపెట్టినా మధ్యలో తప్పుతుంది. దగ్గితే తప్పుతుంది, తుమ్మితే తప్పుతుంది, ఎవరూ ఏమీ చేయకపోతే “ఇంత నిశ్శబ్దమేమిటి, భయమేసింది” అని తప్పుతుంది.

ముప్పై ఏళ్ళు మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిన మనిషి! ఫోను మోగుతున్నా, అయిదుగురు అరుస్తున్నా ఒక్క మాత్ర తేడా వచ్చేది కాదు. అలాంటిది, కదలకుండా నిలబడ్డ నాలుగు కొంగల దగ్గర బోల్తా పడుతుంది.

రోజూ పొద్దున ఆవిడతో నడిచేది పక్కింటి పోస్ట్‌మ్యాన్. రిటైరయ్యాడు, రెండు నెలల కిందట గుండె ఆపరేషనయింది. నడవమన్నాడు డాక్టరు, మధ్యమధ్య కూర్చోమన్నాడు. మొదటి మాట చెవికెక్కింది. రెండోది ఎక్కలేదు. “సగం ఊరికి ఉత్తరాలు మోసిన కాళ్ళివి. బల్ల మీద కూర్చోబెడతారా?” అని కయ్యానికొస్తాడు.

తూనీగల దగ్గర మరీ కష్టం.

“ఎర్రవి ఆరన్నయ్యా.”

“అయిదేనమ్మా! ఆరోది ఇందాకటిదే, ఒక చుట్టు తిరిగొచ్చింది.”

“మొహం గుర్తుపట్టారా?”

“నీవల్ల కాదు గానీ, జరుగు!” అని విసుక్కుంటూ బల్ల మీద చతికిలబడి, తనే మొదలుపెట్టేవాడు.

నాకు అత్తయ్య మీద జాలేసింది. మొన్న చెక్కవంతెన దగ్గర ఆవిడ నోరు తెరిచేలోపే, “పద్నాలుగు బాతులు! రెండుసార్లు చూశాను” అన్నాను.

“శభాష్! పదండైతే” అని, కూర్చోబోతున్న పోస్ట్‌మ్యాన్ చక్కా లేచి వంతెనెక్కాడు.

అత్తయ్య నన్ను చూసిన చూపుకి పద్నాలుగు బాతులూ ఎగిరిపోవాలి.

వంతెన దిగాడో లేదో, ఆయన కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. ఊపిరి అందడం లేదు. అత్తయ్య గబుక్కున బైనాక్యులర్ కళ్ళకు ఆనించింది.

“అన్నయ్యా, నీటికాకులు! ఆరు, ఏడు, తొమ్మిది... అయ్యో, ఎనిమిదేమైంది?”

“నువ్వే... మింగేశావు! జరుగు” అని పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. లెక్క తేలడానికి పావుగంట పట్టింది. ఈలోగా ఆయన మొహానికి రంగొచ్చింది.

అత్తయ్య బైనాక్యులర్‌కి మూతలు తియ్యనేలేదని నేనొక్కణ్ణే చూశాను.

నిన్న సాయంత్రం మెట్ల మీద ఆవిడ కాలు బెణికింది. కాలు దిండు మీద పెట్టుకుని నన్ను పిలిచింది.

“రేపు ఆయనతో నువ్వెళ్ళు. కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. తప్పు దిద్దమంటే మాత్రం గంటైనా కదలడు. బల్లలు నాలుగు, ప్రతి దగ్గరా తప్పు. వంతెన ముందు రెండుసార్లు.”

“నాకు తప్పు లెక్క చెప్పడం రాదత్తయ్యా.”

“నీ పదో తరగతి మార్కులు నేను చూడలేదనుకున్నావా? బ్రహ్మాండంగా వస్తుంది.”

ఇవాళ పొద్దున బైనాక్యులర్ తీసుకుని గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచింది.

“ఒరేయ్, నామాలకోడి పిల్లలు నిన్న పొద్దుటికి ఏడు. చివరిదాని కాలు కొంచెం కుంటి. ఏడూ ఉన్నాయో లేదో నాకు మాత్రం సరిగ్గా లెక్కపెట్టుకునిరా.”