అడుగున మిగిలిన పొరలు

మా ప్రయోగశాలలో గొట్టాలను గిరగిరా తిప్పి తేటనూ అడుగు మడ్డినీ వేరుచేసే సెంట్రిఫ్యూజ్ తిరిగి తిరిగి ఆగిపోయే ముందు సన్నగా ఈల వేస్తుంది. మొన్న ఆ ఈల విని, చేతిలోని గొట్టంతో అలాగే నిలబడిపోయాను. కృష్ణప్పన్న గుర్తొచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మదనపల్లెలో డిగ్రీ ముగించి ఆపై చదువులూ చదివి, కుప్పంలో పరిశోధనకు చేరాను. కృష్ణప్ప అక్కడ అటెండరు. పుంగనూరు పక్క పల్లెలో ఇరవై ఏళ్లు పట్టుపురుగులు పెంచినవాడు. నా పనికి ఆ పురుగులే కావాలి. సోమవారం పొద్దున మల్బరీ ఆకు పరిచిన బుట్టతో బస్సు దిగేవాడు. పురుగు కడుపులోని పట్టుగ్రంథిని తెగకుండా తీయడం నాకు నేర్పింది ఆయనే. "లాగొద్దమ్మా. అదే వస్తాది, సూడు" అనేవాడు.

ఆ గ్రంథిలోని కణాలు పట్టును చిన్న చిన్న సంచుల్లో నింపి బయటికి పంపుతాయి. ఏ సంచి ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే ప్రొటీన్ ఒకటుంది. దాన్ని గొట్టంలో పనిచేయించి చూపాలి. ఏడాది గడిచినా అది కదల్లేదు. నా పరిశోధనకు గైడైన మా సారు మంచివారే, కానీ ఆయన ఓపికా అయిపోయింది. "ఈ నెలాఖరుకు రాకపోతే అంశం మార్చుకో" అన్నారు. ఆ సాయంత్రం అన్నీ వదిలేసి మదనపల్లె వెళ్లిపోదామని పుస్తకాలు సర్దుకుంటుంటే, గొట్టాలు కడుగుతున్న కృష్ణప్పన్న అడిగాడు.

"అమ్మా, పైన తేట ఒగటే పెట్టుకుంటాండావు. అడుగున ఉండేది యాల పారేస్తాండావు?"

"అవి ఉత్త కణాల పొరలన్నా. ప్రొటీన్ తేటలోనే ఉంది."

"పురుగు లోపల రెండూ కలిసే కదా ఉండేది?"

ఆయన ఫ్రీజర్ తెరిచాడు. పారేయమని నేనిచ్చిన గొట్టాలన్నీ తేదీలవారీగా అక్కడున్నాయి. "ఒక్కో పురుగూ ఒగ గూడు కట్టాల్సింది. దాని కడుపు కోసి, సగం మోరీలో పోసేకి మనసు రాలా" అన్నాడు.

మర్నాడు రెండూ కలిపాను. ప్రొటీన్ పనిచేసింది. తర్వాత, ఇది పొరల పనేనా, మడ్డిలోని ఇంకేదైనానా అన్న అనుమానం తీరడానికి ఉత్త కొవ్వు పదార్థాలతో పొరలు తయారుచేసి కలిపాను. అప్పుడూ పనిచేసింది. కణం పొర అంటే లోపలికీ బయటికీ మధ్య అడ్డుగోడ మాత్రమే అనుకుంటూ వచ్చాను. నీళ్లలో ముడుచుకొని ఉండే ఆ ప్రొటీన్, పొరకు ఆనుకున్నాకే విప్పుకొని పనిలోకి దిగుతుంది. దాన్ని అదుపులో పెట్టేది పొరే.

ఆ ఫలితం చెప్పడానికి ఒక గురువారం సమావేశం పెట్టారు. "పొరలు కలపాలన్న ఆలోచన ఎవరిది?" అని బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు అడిగారు.

"నాకే తోచింది సార్" అన్నాను.

వెనక టీ కప్పులు సర్దుతున్న కృష్ణప్పన్న తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. సోమవారం ఎప్పటిలాగే బుట్టతో వచ్చి "మంచి పురుగులు దొరికినాయమ్మా" అన్నాడు. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని.

"అన్నా, ఆ రోజు నీ పేరు చెప్పలేదు. తప్పు చేశాను."

"బయపడింటావులే. ఇప్పుడు చెప్పినావు కదమ్మా."

అది చాలదనిపించింది. సారు దగ్గరికెళ్లి జరిగింది చెప్పాను. ఆయన అచ్చుకు పంపబోతున్న మా పరిశోధన వ్యాసం తెప్పించుకొని, రచయితల వరసలో తన పేరుకు ముందు కృష్ణప్పన్న పేరు రాశారు.

ఇప్పుడు నా విద్యార్థులు కొత్త ఫలితంతో పరుగెత్తుకొస్తే, "ముందు ఎవరు గమనించారు?" అని అడుగుతాను. కొందరు తడబడతారు. తొందరపెట్టను. నిజం నోటికి రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.