ఒళ్లో చాట

ఈ ఉదయం సిరిసిల్లలోని మా అంగన్‌వాడీ గదినిండా ఫినాయిల్ వాసన. మూడున్నరేళ్ల పిల్లవాడు చాప తడిపాడు. వాళ్లమ్మ తప్పు తనే చేసినట్టు గుమ్మం దగ్గర కొంగు నలుపుతూ నిలబడింది. ఆమెలో నాకు నేనే కనిపించాను, వెంటనే రాజవ్వ గుర్తొచ్చింది. కోరుట్లలో మా వాడ అంగన్‌వాడీకి రాజవ్వ ఆయా. అక్షరం ముక్క రాదు. టీచరుగా ఇవాళ నేను చేస్తున్న పనిలో సగం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

అప్పట్లో నా భర్త దుబాయ్‌లో ఉండేవాడు. నేను ఇంట్లో తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. మా శిరీషకు నాలుగేళ్లు. రాత్రి పక్క తడిపేది కాదు గాని, పగలు మాత్రం మూడు నాలుగుసార్లు బట్టలు తడుపుకునేది. జగిత్యాల తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. జబ్బు కాకపోతే మొండితనమేనని తేల్చుకున్నాను. బడిలో వేస్తే వారం తిరక్కుండానే, ఈ అలవాటు మానిపించి తీసుకురమ్మని వెనక్కి పంపారు. ఇక నా కోపానికి పట్టపగ్గాలు లేవు. నీళ్లు సరిగా తాగనివ్వలేదు. తడి గౌనుతో గడప బయట నిలబెట్టాను. కొట్టాను కూడా. చివరికి నేను చేయి కదిలిస్తే చాలు, పిల్ల ముఖానికి చేతులు అడ్డం పెట్టుకునేది. అది చూసినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది, అయినా మర్నాడు మళ్లీ అదే వరస.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు. ఒకరోజు మా వాడ ఆడవాళ్లమంతా వంటావార్పుకు మెయిన్ రోడ్డు మీద కూర్చున్నాం. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తిని నిరసన తెలిపేవాళ్లం. నేను చాట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను. శిరీష వచ్చి పక్కన నిలబడింది. ఏమీ అనలేదు. కాసేపటికి దాని కాళ్ల దగ్గర తారు రోడ్డు తడిసింది. వాడంతా చూసింది. నేను చేయి ఎత్తాను. రాజవ్వ ఆ చేయి పట్టుకుంది.

"కొట్టకు బిడ్డా. ఇంట్ల బీడీలు చేసేటప్పుడు పిల్లకు ఏం చెప్తవ్ నువ్వు?"

"చాట ఒళ్లె ఉన్నప్పుడు నన్ను పిలువద్దని చెప్పిన. ఓసారి మోచెయ్యి గుంజితె తంబాకంత మన్నుల వడ్డది. గప్పుడు ఒక్కటిచ్చిన."

"మొన్న నేను బియ్యం ఏరుతుంటె గూడ గిట్లనే వచ్చి నిలవడ్డది. చాట కింద వెట్టంగనే ఒంటికి వస్తుందన్నది. నీ బిడ్డ మాట ఇనక తడుపుకుంటలేదు, ఇన్నందుకే తడుపుకుంటుంది."

రాజవ్వ పిల్లను పక్కకు తీసుకెళ్లి, ముక్కు తుడిచినంత మామూలుగా బట్టలు మార్చి తీసుకొచ్చింది. అందరూ నినాదాలిస్తున్నారు. నేను మాత్రం ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ కూర్చున్నాను.

"ఒక్కో కట్ట కట్టినంక చాట దించు. వస్తుందా అని అడుగకు, చెయ్యి వట్టుకొని తీస్కవో" అని చెప్పింది రాజవ్వ. కడుపునిండా నీళ్లు తాగించమంది, తడిస్తే తిట్టొద్దంది. రెండు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు నా చేయి లేచింది, అబద్ధం చెప్పడమెందుకు. ఒకరోజు చాట నా ఒళ్లో ఉండగానే "అమ్మా, ఒంటికి" అంది. ఎంత గబుక్కున లేచానో, తంబాకు ఎంత ఒలికిందో చూసుకోనేలేదు.

రాజవ్వ పోయి నాలుగేళ్లయింది. శిరీష జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. బట్టలు తడిపిన సంగతి దానికి గుర్తే లేదట. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, నేను అంగన్‌వాడీ రిజిస్టరు రాసుకుంటూ తల ఎత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. రిజిస్టరు మూసి పక్కన పెట్టాను. అప్పుడు గాని "అమ్మా, ఒక మాట చెప్పాలె" అనలేదు.