ఉమ్మడం చేతకాని చిన్నాయన

పోయిన శుక్రవారం రాయచోటి నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి, చిన్నాయన పోయాడని చెప్పింది. పొద్దున ఆమె ఇచ్చిన కాఫీ తాగి, "బాగుందిమే" అని మంచానికి ఒరిగాడంట. అదే ఆఖరి మాట అని వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నమ్మ కాఫీ నేను చాలాసార్లు తాగాను. ఆయన అబద్ధమాడాడని నాకు తెలుసు. పోతూ పోతూ కూడా ఎవరి మనసూ నొప్పించకుండా పోయాడు.

మాకు చుట్టరికమేమీ లేదు. కువైట్‌లో నేను ఇంటిపనికి చేరిన కొత్తలో, బస్సులో "మీది యా వూరు పాపా?" అని అడిగి, పక్క ఊరే అని తేలగానే చిన్నాయన అయిపోయాడు. భార్యతో అక్కడే ఖైతాన్ పేటలో ఉండేవాడు. ఒక తెల్ల ఇంజనీరు ఇంట్లో వంట చేసేవాడు.

ఆ ఇంజనీరు దంపతులు ఏటా స్నేహితులను కూడగట్టుకుని ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల వెంబడి వైన్ రుచి చూస్తూ తిరిగేవాళ్ళు. మనం తిరుమల, కాళహస్తి తిరిగినట్టు వాళ్ళకదొక యాత్ర. ఒక ఏడు పిల్లలకు వండిపెట్టడానికి చిన్నాయననూ తీసుకుపోయారు. తోట ఆసామి స్వయంగా గ్లాసులో పోసి ఇస్తాడు. వీళ్ళు వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న బకెట్‌లో ఉమ్మేస్తారు. అక్కడి పద్ధతి అది. మింగుతూ పోతే సాయంత్రానికి నిలబడే మనిషి ఉండడు కదా. చిన్నాయనకు మాత్రం గుండె ఆగినంత పనైంది.

"పండించినోడు ఎదురుగా నిలబడుకోనుంటే వాని మొగం ముందరే ఎట్ల ఉమ్మేది పాపా? సిగ్గుండొద్దా?" అనేవాడు నాతో.

గుంపు పరువంతా తానే కాపాడాలనుకుని, తనకిచ్చింది ఇచ్చినట్టు మింగి, ఆసామికి దండం పెట్టాడు. మూడో తోటకొచ్చేసరికి అక్కడి ఆసామి భుజం మీద చెయ్యేసి, మన వేరుశనగ పంట ఎట్లా ఎండిపోయిందో తెలుగులో చెప్పి ఏడ్చాడు. ఆ ఆసామీ ఏడ్చాడంట. చివరికి పిల్లలే చిన్నాయన చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించారు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ ఆగస్టులో ఇంజనీరు కుటుంబం సెలవు మీద వాళ్ళ దేశంలో ఉంది. నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆమె, సౌదీకి పారిపోతూ, నా పాస్‌పోర్ట్ నా చేతిలో పెట్టి, నన్ను చిన్నాయన ఇంటి ముందు దింపింది. ఆమె పిల్లలు చల్లగా ఉండాలి. చిన్నాయన మాత్రం ఇంజనీరు ఇంటి నుంచి ఒక ప్లాస్టిక్ క్యాను మోసుకొచ్చాడు. ఆ దొర చాటుగా ద్రాక్షరసం పులియబెట్టుకునేవాడు. ఏసీ లేని వంటింట్లో, ఆ ఎండలకు, అది నాలుక తోలు ఊడగొట్టే వెనిగర్ అయి కూర్చుంది. బజార్లో చింతపండు ఖలాస్ అయ్యేసరికి చిన్నాయన దాంతోనే చారు కాచాడు. చిన్నమ్మ ఒక్క గుక్క తాగి సింక్‌లో ఉమ్మేసింది.

"చేసినోన్ని ఎదురుగా పెట్టుకోని..." అని ఆయన మొదలుపెట్టాడు.

"సాల్లే, నీ మొగానికి ఫ్రాన్స్ ఒకటి తక్కువ!" అంది ఆమె.

బయట తుపాకుల మోత. మాకు ఆ చారు మీద నవ్వుకోవడమే కాలక్షేపం.

జోర్డాన్ వైపు పోయే బస్సులో చోటు దొరికినప్పుడు, క్యాను వద్దని ఇద్దరం మొత్తుకున్నాం. "దోవలో చారు కాసుకోవద్దా?" అన్నాడు. ఎడారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఇరాకీ సిపాయి మూత తీసి వాసన చూశాడు. సారా తీసుకుపోతున్నావా అని చిన్నాయనను కిందికి దించేశాడు. ఒక్క మనిషి కోసం బస్సంతా ఆగదని డ్రైవర్ హిందీలో చెప్పేశాడు. దిగబోయిన చిన్నమ్మను కొంగు పట్టుకుని ఆపాను. ఆయన అక్కడే ఉండిపోతే ఏ జైల్లో వెతకాలి, ఎవరిని అడగాలి?

సిపాయి ఒక గ్లాసు నింపి తాగమన్నాడు. మొహం చిట్లించి తుపుక్కున ఉమ్మితే అది వెనిగరని వాడికి తెలిసిపోయేది.

"ఉమ్ము చిన్నాయనా, ఉమ్ము!" అని కిటికీలోంచి అరిచాను.

ఎక్కడ ఉమ్ముతాడు? పోసినవాడు ఎదురుగా ఉన్నాడు కదా! గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, "జైన్, జైన్, శానా బాగుంది" అని అరబ్బీలో, తెలుగులో మెచ్చుకుని దండం పెట్టాడు మహానుభావుడు. ఇక సిపాయికి అనుమానమే లేదు, మేలురకం సరుకేనని. పై అధికారి కంట పడకముందే క్యానును చంకన పెట్టుకుని, "యల్లా, యల్లా" అని చిన్నాయనను బస్సు వైపు తోసేశాడు.

అప్పటికే బస్సు కదిలింది. వెనక ఆ సిపాయి, వాని జతగాళ్ళిద్దరూ గ్లాసులెత్తి, ముగ్గురూ ఒక్కసారే ఇసుకలో ఉమ్మారు. ఆ తర్వాత కేకలు. చిన్నాయన ఒక్కసారి వెనక్కి చూసుకున్నాడు. ఇంక పరుగెత్తాడు చూడండి! చెప్పులు ఎక్కడివక్కడ వదిలేశాడు. నేను తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని వంగాను, చిన్నమ్మ నా నడుం పట్టుకుంది. చెయ్యి అందింది, లాగేశాం. మెట్ల మీద కూలబడి ఆయన రొప్పుతూ అన్న మొదటి మాట: "ఎంత మర్యాద లేనోళ్ళు పాపా!"

మళ్ళీ కువైట్ వచ్చి, ఇన్నేళ్ళుగా అబ్బాసియాలోనే ఉన్నాను. చివరిచూపుకు పోలేకపోయాను, సెలవు దొరకలేదు. ఏడుపొస్తోంది. కళ్ళు మూసుకుంటే మాత్రం పాడె మీద కనపడడు ఆయన. ఒట్టికాళ్ళతో, ఒక చేత్తో ప్యాంటు జారకుండా పట్టుకుని, బస్సు రేపిన దుమ్ములో పరుగెత్తుతూ ఉంటాడు. నేను తలుపులోంచి చెయ్యి చాపుతూనే ఉంటాను.